అపా పేరుతో ఆడేదెవరు?

గత వారం మైరమ్‌ని కుట్టుమిషను పక్కన, తనది కాని ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. అప్పటికి జరిగింది ఇదీ.

మంగళవారం సాయంత్రం ఏడింటికి మైరమ్ మొగుడు కుబాత్ మినీబస్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. బూట్లు విప్పాడు. టీ అడగలేదు. పెళ్ళాం కుట్టుపనికి వాడే కత్తెర అందుకుని గోడవారగా పోతున్న ఇంటర్నెట్ తీగని మూడు ముక్కలు చేశాడు. "నేను బతికుండగా ఈ ఇంట్లో ఆ ఆట చప్పుడు వినబడకూడదు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. తీగ కోస్తే ఫోన్లో ఆడే తుపాకుల ఆట ఆగుతుందా? ఇంట్లోని పిల్ల పెరిజాత్ ఫోన్లో డేటా నిండుగా ఉంది. ఆ కోపానికి పోయింది మైరమ్ కత్తెర పదును ఒక్కటే. మర్నాడు సాయంత్రం పెరిజాత్ రొట్టె కొనడానికి వీధిలోకి వెళ్ళినప్పుడు, ఛార్జింగులో ఉన్న ఆమె ఫోను వెలిగింది. చదవకూడదనుకుంటూనే మైరమ్ చదివేసింది.

"శనివారం పొద్దున పదింటికి బస్టాండ్ దగ్గర ఉండు. ఒంటరిగా బయల్దేరకు. నేనే వచ్చి తీసుకెళ్తా. ఇంట్లో ఇప్పుడే ఏం చెప్పకు."

ఆ ఆటలోంచే వచ్చిన కబురు అది. పంపినవారి పేరు బుబూష్ అపా. బుబూష్ అపా, అంటే బుబూష్ అమ్మ, మైరమ్ అత్తగారు. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. పోయినవాళ్ళు కలలోకి రావడం ఆ ఇళ్ళల్లో మామూలే గానీ, బస్టాండుకి రమ్మని కబురు పెట్టడం ఎవరూ ఎరగరు.

పెరిజాత్‌ని కన్నది మైరమ్. పెంచింది బుబూష్ అపా. తొలిచూలు బిడ్డ నాయనమ్మ తాతలదన్నది వాళ్ళ ఆచారం. నలభయ్యో రోజు దాటగానే పిల్ల ఉయ్యాలతో సహా కొచ్కొర్ పల్లెకి వెళ్ళిపోయింది. అక్కడ పెరిగిన పిల్లకి అమ్మంటే అపాయే. కన్నతండ్రి కుబాత్‌ని అన్నయ్య అని, కన్నతల్లి మైరమ్‌ని వదిన అని పిలుస్తుంది. ఎవరు ఎవరో పిల్లకీ తెలుసు, ఊరికీ తెలుసు. పిలుపులు మాత్రం అవే. మైరమ్‌కి ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. కిందటి ఆగస్టులో అపా పోయాక, పదిహేనేళ్ళ పెరిజాత్ ఒక పెట్టె పట్టుకుని రాజధాని బిష్కెక్ శివార్లలోని ఈ రెండు గదుల ఇంటికి వచ్చింది. వచ్చిన నాటి నుంచీ ఒక్క పెడసరపు మాట లేదు. "వదినా, ఉప్పు అందిస్తారా?" "వదినా, దీపం ఆర్పేయమంటారా?" ఆ మర్యాదే మైరమ్ ప్రాణం తోడేస్తోంది.

ఇక అపా ఫోను సంగతి. శవానికి స్నానం చేయించిన అయిదుగురు ఆడవాళ్ళకీ పోయినావిడ వస్తువులు పంచాలి. పెద్దకోడలిగా ఆ అయిదు మూటలూ కట్టింది మైరమే. మఖమల్ చొక్కా, గొర్రెతోలు కోటు, శాలువా, వెండి గాజులు, కొత్త బూట్లు. ఫోను కోసం చూసింది, కనబడలేదు. ఎవరో ఏదో మూటలో పడేసి ఉంటారులే అనుకుంది. ఇప్పుడు పోయి ఎవరినడుగుతుంది? స్నానం చేయించినవాళ్ళని "నీ వంతుకి ఏమొచ్చింది?" అని అడగడమంటే శవం పక్కన కూర్చుని బేరమాడటమే. అలా అందరూ అందరి మర్యాదా కాపాడుకుంటూ వచ్చారు. ఫోను మాత్రం ఎవరి చేతిలోనో ఉండిపోయింది.

బస్టాండు అనే మాట మైరమ్‌కి అసలు పడదు. ఆమె చెల్లెలు పదిహేడో ఏట, తెలిసిన కుర్రాడే కదా అని, పిలిస్తే బస్టాండుకి వెళ్ళింది. సాయంత్రానికి, బలవంతంగా ఎత్తుకుపోయినవాళ్ళ ఇంట్లో తెర వెనక తెల్ల ముసుగు కప్పించుకుని పెళ్ళికూతురై కూర్చుంది. ఆ పిల్ల ఇప్పటికీ పుట్టింటికి వస్తే నవ్వదు. అందుకే ఆ కబురు చదివిన దగ్గర్నుంచీ మైరమ్ గుండెల్లో రాయి పడినట్టుంది. కుబాత్‌కి చెబుదామంటే అతను కోసిన తీగ ఇంకా గోడకి వేలాడుతోంది. చెప్పకుండా ఉందామంటే శనివారం రెండు రోజుల్లోకి వచ్చేసింది.

*

గురువారం మధ్యాహ్నం మైరమ్ మూకుడులో నూనె కాచి బోర్సోక్‌లు, అంటే పొంగిన పిండిముక్కలు, వేయిస్తోంది. పోయినవాళ్ళకి గురువారం నాడు నూనె వాసన చూపించాలి. కుట్టాల్సిన గౌన్లు మిషను మీద కుప్పగా పడి ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. పొద్దుటి నుంచీ పిల్లని ఎలా అడగాలా అని మాటలు కూడబలుక్కుంటోంది. అత్తగారి కోసం వేయిస్తున్న బోర్సోక్‌లు ఆ ధ్యాసలో రెండు వాయిలు మాడిపోయాయి.

రెండున్నరకి పెరిజాత్ బడి నుంచి వచ్చింది. సంచి దించి, చేతులు కడుక్కుని, "వదినా, నేను వేయించనా?" అంది.

"వద్దులే, కూర్చో. వేడిగా తిను."

పిల్ల కూర్చుంది. ఒకటి అందుకుని మీగడలో ముంచింది. మైరమ్ కూడబలుక్కున్న మాటలన్నీ అప్పుడే ఎక్కడికో పోయాయి. మిగిలిన ఒక్క మాటా నేరుగా బయటికొచ్చేసింది.

"నీ ఫోను చూశాను పెరీ."

పెరిజాత్ బోర్సోక్‌ని తిరిగి పళ్ళెంలో పెట్టింది.

"ఒకళ్ళ ఫోను ఇంకొకళ్ళు ముట్టుకోకూడదని అన్నయ్యకి చెప్పింది మీరే కదా వదినా."

"చెప్పాను. అయినా చూశాను. తప్పు నాదే, తర్వాత తిట్టు. ముందు శనివారం సంగతి చెప్పు."

"శనివారం కొచ్కొర్ వెళ్ళిపోతున్నా."

"ఎవరితో?"

"అపాతో."

మైరమ్ చేతిలోని జల్లిగరిటె మూకుడు అంచుకి తగిలింది.

"అలా చూడకండి, నాకేం పిచ్చెక్కలేదు. అపా లేదని నాకు తెలీదా? శవాన్ని ఉంచిన యుర్తా గుడారంలో గోడవైపు తిరిగి గొంతు పోయేదాకా ఏడ్చింది నేనేగా. ఆ ఫోను ఉన్నావిడతో వెళ్తున్నా."

"ఎవరావిడ?"

"స్నానం చేయించినవాళ్ళలో ఒకావిడ. ఎవరో అడగలేదు. అడుగుతారా ఎవరైనా?"

అడగరు. మైరమ్ కూడా అడగలేదు. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, పిల్లకి ఎదురుగా కూర్చుంది.

"అసలు అత్తయ్యకి ఆ ఆట ఎలా తెలుసు?"

పెరిజాత్ ముఖంలో ఎనిమిది నెలల్లో మైరమ్ ఎన్నడూ చూడని వెలుగు ఒకటి వచ్చింది. "మీకు తెలీదు కదూ! కాలు విరిగి మంచాన పడ్డ చలికాలం గుర్తుందా? రోజంతా పడుకుని పైకప్పు చూళ్ళేక 'ఏంటే ఆ తుపాకుల గోల, నాకూ చూపించు' అంది. నేర్పించా. దీవి మీద వంద మందిని దింపుతారు, చుట్టూ తుఫాను ముంచుకొస్తుంటుంది, చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. 'ఓస్, ఇంతేనా! మంచు తుఫానులో గొర్రెల్ని దొడ్లోకి తోలడమేగా' అంది. పది రోజుల్లో నన్ను మించిపోయింది. మాతో ఆడే కుర్రాళ్ళని మైకులో తిట్టేది. 'ఒరే గాడిదా, తలుపు తెరిచి ఉందంటే లోపల ఎవడో ఉన్నట్టు, తగుదునమ్మా అని దూరిపోవడమేనా' అని. వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. 'అపా ఉంటేనే ఆడతాం' అనేవాళ్ళు."

మైరమ్‌కి నవ్వొచ్చింది, కడుపులో మంటా పుట్టింది. పెళ్ళయిన నాటి నుంచి అత్తగారి ముందు గొంతెత్తి మాట్లాడని కోడలామె. ఆ అత్తగారు ఊరూపేరూ తెలియని కుర్రాళ్ళని అలా నవ్విస్తూ బతికిందని ఈ రోజే వింటోంది.

"ఎనిమిదో తరగతిలో మా క్లాసు పిల్ల ఒకత్తి డబ్బులు తీసిందని అందరూ దాన్ని వెలేశారు వదినా. నేనూ మాట్లాడ్డం మానేశా. అపాకి తెలిసి, 'ఆటలో మనవాడు పడిపోతే ఏం చేస్తావే?' అంది. లేపుతా అన్నా. 'ముందు మూటలేరుకుంటావా, లేపుతావా?' లేపుతా అన్నా. 'మరి బళ్ళో ఏం చేస్తున్నావ్?' అంది, అంతే. మర్నాడు వెళ్ళి దాని పక్కన కూర్చున్నా. అపా నన్నెప్పుడూ కొట్టలేదు, ఆట మానెయ్యమనీ అనలేదు. ఆటలోనే అన్నీ చెప్పింది."

తీగ కోసిన అన్నయ్య మాట ఆమె ఎత్తలేదు. ఎత్తకపోయినా మైరమ్‌కి వినబడింది.

"మరి తలుపు తెరిచి ఉన్న ఇల్లు కనబడితే?" అంది మైరమ్ మెల్లగా.

"బయటే ఆగాలి. అడుగుల చప్పుడు వినాలి."

"అత్తయ్య పేరున్న ఈ తలుపు ఎనిమిది నెలల్నుంచీ తెరిచే ఉంది కదా పెరీ. లోపల ఉన్నదెవరో, అడుగుల చప్పుడైనా విన్నావా?"

"మైకు పాడైందట. టైపు చేస్తుంది."

"ఒక్కసారైనా గొంతు విన్నావా?"

"లేదు."

"ఆడదో మగాడో తెలుసా?"

"వదినా, మీరు ఆటలో ఒక్క తూటా పేల్చలేదు. నాకు ఆట నేర్పుతున్నారా?" పెరిజాత్ లేచి నిలబడింది. ఎనిమిది నెలల మర్యాద ఒక్కసారిగా ఊడిపోయింది. "అయినా నేనెక్కడికి పోతే మీకెందుకు? ఇచ్చేశారుగా! గొర్రెపిల్లని తోలినట్టు తోలేశారుగా! ఇప్పుడు ఆవిడ పోయింది కాబట్టి తిరిగొచ్చిన సరుకులా ఉంచుకున్నారు. పొద్దున లేస్తే అన్నయ్య నా ముఖం చూడడు. మీరు నన్ను చూసి చుట్టానికి చేసినట్టు చేస్తారు. ఆ ఫోనులో ఉన్నదెవరైనా సరే, రోజూ నన్ను 'తిన్నావా' అని అడుగుతోంది!"

మైరమ్ కూడా అడుగుతుంది, రోజుకి మూడుసార్లు. ఆ మాట అనబోయి ఆగింది. మాటకి మాట అంటే పిల్ల శనివారం దాకా కూడా ఆగదు. లోపల మాత్రం ఏదో తెగింది. ఇన్నేళ్ళూ దాచినది ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు.

"నాకప్పుడు పందొమ్మిదేళ్ళు" అంది. "ఇస్తావా అని నన్నెవరూ అడగలేదు, ఇవ్వనని నేనూ అనలేదు. అనొచ్చని కూడా తెలీదు. నిన్ను తీసుకెళ్ళిన రోజు పాలు ఆగడానికి మా అమ్మ నా గుండెల చుట్టూ తువ్వాలు బిగించి కట్టింది. వారం రోజులు జ్వరం. ఊళ్ళో అందరూ 'అదృష్టవంతురాలివి, అత్తగారికి మనవరాలినిచ్చి సంతోషపెట్టావు' అన్నారు. నేనూ నవ్వాను. నిన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా నువ్వు పరిగెత్తుకొచ్చి 'వదినా, మిఠాయి తెచ్చారా' అనేదానివి."

పెరిజాత్ బల్ల అంచు పట్టుకుంది.

"ఆటలో పడిపోయినవాడు ఏం చెయ్యాలి పెరీ?"

"ఎక్కడ పడ్డాడో అరిచి చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ రాలేరు."

"నేను పడి పదిహేనేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు నీకు చెప్తున్నా."

పెరిజాత్ నిలబడే కళ్ళు తుడుచుకుంది, ముక్కు ఎగబీల్చింది, మళ్ళీ కూర్చుంది. పళ్ళెంలో మాడిన బోర్సోక్ ఒకటి తీసుకుని నమలడం మొదలుపెట్టింది.

"మాడిపోయింది" అంది.

"నీ వల్లే."

పిల్ల ముక్కులోంచి చిన్న నవ్వులాంటిది వచ్చింది. మైరమ్ ఆ నవ్వు చల్లారకముందే టీ పోసి, పాలు కలిపి ముందుకు జరిపింది. "సరే, నాకు ఆట రాదు. నువ్వే నేర్పు. ఈ కొత్త అపా ఎలా ఆడుతుంది?"

"ఘోరంగా." ఈసారి పిల్ల నిజంగానే నవ్వింది. "తుపాకీ పట్టుకుంటే ఆకాశాన్ని కాలుస్తుంది. బండి మాత్రం భలే నడుపుతుంది. బండి కనబడితే చాలు, ఇంకెవర్నీ డ్రైవరు సీట్లో కూర్చోనివ్వదు. ఇంకో జబ్బుంది వదినా! దారి పక్కన ఎవరు నిలబడ్డా సరే బ్రేకు వేసి ఆపేస్తుంది. వాడు శత్రువు. తుపాకీ గురిపెట్టి నిలబడ్డాడు. అయినా ఆపుతుంది! ఎన్నిసార్లు చచ్చామో లెక్కలేదు. 'ఎందుకాపావు?' అంటే 'అలవాటు' అని టైపు చేసింది."

మైరమ్ చేతిలోని టీ గిన్నె నోటిదాకా వెళ్ళి ఆగింది.

"రోజూ వస్తుందా?"

"నాలుగింటికి వస్తుంది, ముప్పావు గంట ఆడి పోతుంది. సోమవారం మాత్రం రాదు. ఫిబ్రవరిలో ఒక వారమంతా రాలేదు. పోయిందేమో అని ఎంత భయపడ్డానో! తర్వాత వచ్చి ఒళ్ళు బాగోలేదంది."

సోమవారం కుబాత్ మినీబస్సు షెడ్డులో ఉంటుంది. ఆ రోజంతా అతను నూనె మరకల బట్టలతో బండి కిందే పడుకుంటాడు. ఫిబ్రవరిలో వారం రోజులు జ్వరంతో ఈ గదిలోనే, ఆ మంచం మీదే మూలుగుతూ పడి ఉన్నాడు. మిగతా రోజుల్లో నాలుగింటికి బండి ఆఖరి స్టాపు చేరుతుంది. అక్కడ ముప్పావు గంట విరామం. ఎన్నో ఏళ్ళుగా ఆ విరామంలో అతను మైరమ్‌కి ఫోన్ చేసి 'ఏం వండుతున్నావ్' అని అడిగేవాడు. అత్తగారు పోయాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఎవత్తినైనా తగులుకున్నాడేమో అని కూడా ఆమె అనుమానపడింది. ఆఖరి స్టాపులో టీ అమ్మే మనిషి మీద కన్నేసి, పని కల్పించుకుని ఒకసారి వెళ్ళి చూసొచ్చింది కూడా. ఆవిడకి డెబ్బై ఏళ్ళు.

తల్లిదండ్రుల ముందు కన్నబిడ్డని ఎత్తుకుని ముద్దు చేయడం సిగ్గుమాలిన పని. కుబాత్ ఏనాడూ చేయలేదు. పెరిజాత్ అడుగులు నేర్చుకునే రోజుల్లో పల్లెకి వెళితే, పిల్ల వచ్చి మోకాలు పట్టుకున్నా చూపు కిటికీవైపు తిప్పుకునేవాడు. రాతిగుండె మనిషి అనుకునేది మైరమ్. ఇప్పుడు ఆమెకి ఆటలో ఆ బండి నడిపేది ఎవరో తట్టింది.

కానీ అతనే అయితే తీగ ఎందుకు కోశాడు?

"పెరీ, మంగళవారం నాలుగింటికి... ఆటలో ఏమైనా గొడవైందా?"

పిల్ల తల దించుకుంది. గోళ్ళతో బల్లగుడ్డ గీరింది.

"మంగళవారం బళ్ళో 'నీ తండ్రి పేరేంటి' అని కార్డుకి రాసుకున్నారు. నాకు కోపమొచ్చింది. అపాతో ఆడుతూ మైకులో వాగేశాను. ఆవిడ వింటుంది కదా, టైపు చేయడమే నావల్ల కాలేదు. నన్ను పెంచడం చేతకానివాడి పేరు నాకెందుకు అన్నా." ఆగింది. "కుబాత్ అన్నయ్య చచ్చిపోయినా నాకు ఒక్క చుక్క కన్నీరు రాదు అన్నా."

"ఆవిడేమంది?"

"ఏమీ అనలేదు. బండి నడుపుతోంది. నడుపుతూ నడుపుతూ నేరుగా సముద్రంలోకి పోనిచ్చింది. ఇద్దరం మునిగిపోయాం."

అదే రోజు సాయంత్రం ఏడింటికి కుబాత్ వచ్చి కత్తెర అందుకున్నాడు. 'నేను బతికుండగా' అన్నాడు. ఆ మాట అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో మైరమ్‌కి ఇప్పుడు తెలిసింది. మర్నాడు పిల్ల 'వెళ్ళిపోతా' అని రాసి ఉంటుంది. ఒంటరిగా దారిన పడుతుందని భయపడి అతనే బస్టాండుకి రమ్మన్నాడు. శనివారం పది గంటలకి ఆ బస్టాండు దగ్గర నిలబడేది ఏ దుర్మార్గుడూ కాదు. ఏం చెప్పాలో తెలియక, కొత్త చొక్కా వేసుకుని, చచ్చిన తల్లి ఫోను పట్టుకుని నిలబడే ఈ ఇంటి యజమానే.

భయం తీరిపోవాలి కదా? తీరలేదు, ఇంకో రూపంలో వచ్చి కూర్చుంది. చెబితే, పిల్లకి మిగిలిన ఆ ఒక్క అపా కూడా పోతుంది. మనసు విప్పి వాగినదంతా విన్నది అన్నయ్యే అని తెలిస్తే జన్మలో మళ్ళీ ఎవరి దగ్గరా నోరు విప్పదు. చెప్పకపోతే, ఇప్పుడే 'నీకు చెప్తున్నా' అని గుండె విప్పిన ఈ నోటితోనే అబద్ధమాడినట్టు. మైరమ్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది.

"వదినా, ఏమైంది? ముఖం అలా అయిపోయిందేం?"

"ఏం లేదు. నూనె సెగ."

పెరిజాత్ నమ్మలేదు. ఆ పిల్ల నమ్మకపోవడంలో మాత్రం అచ్చం మైరమే. ఫోను తీసి బల్ల మీద ఇద్దరి మధ్యా పెట్టింది. గోడగడియారం నాలుగు చూపిస్తోంది. "మీరన్నది నిజమే. అడుగుల చప్పుడు వినకుండా ఇంత దూరం వచ్చా. ఇవాళ అడుగుతా. మీరూ చూడండి."

"వద్దు పెరీ, ఇవాళ వద్దు..."

"మీరేగా వినమన్నారు!"

తెర మీద పచ్చచుక్క వెలిగింది. బుబూష్ అపా వచ్చింది. ఎర్ర శాలువా కప్పుకున్న ముసలి బొమ్మ, భుజాన తుపాకీ. ఆ శాలువా అపాయే ఎంచుకుందట. కింద అక్షరాలు పడ్డాయి.

"వచ్చావా? తిన్నావా?"

పెరిజాత్ వేళ్ళు గబగబా కదిలాయి. ఏం రాస్తోందో చూసి మైరమ్ నిలువునా బిగుసుకుపోయింది. ఏ ఆడదీ ఏ ఆడదాన్నీ అడగని మాట అది.

"మా అపాకి స్నానం చేయించినందుకు నీకేం ఇచ్చారు?"

అటువైపు మూడు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఆఖరి స్టాపులో, ఖాళీ బస్సులో, స్టీరింగు మీదకి వంగి మొద్దువేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటున్న మనిషి మైరమ్ కళ్ళకి కట్టినట్టు కనబడ్డాడు. శాలువా అని రాయండి, గాజులు అని రాయండి, ఏదో ఒకటి రాసి బయటపడండి అని లోపల్లోపల మొక్కుకుంది.

అతనికి అబద్ధమాడటం ఎప్పుడూ చేతకాలేదు.

"ఏమీ ఇవ్వలేదు. నేనే తీసుకున్నా."

పెరిజాత్ ముఖం పాలిపోయింది. "ఇవ్వలేదట. తీసుకుందట. దొంగిలించింది! వదినా, శవం ఇంట్లో దొంగతనం చేసినవాళ్ళెవరో... నేను వీళ్ళతో... అన్నీ చెప్పుకున్నా..." గొంతు కీచుగా మారింది. వేలు పేరు మీద గట్టిగా నొక్కింది. చిన్న పలక తెరుచుకుంది. స్నేహం తెంచమంటారా అని అడుగుతోంది ఆట.

"పెరీ, ఆగు."

"ఆగను. నొక్కేస్తా."

"నొక్కితే ఏమవుతుంది?"

"పోతుంది. నేను మళ్ళీ కనబడను, ఆ పేరు నాకు మళ్ళీ కనబడదు. అపా నాతో ఆడిన ఆటలన్నీ చెరిగిపోతాయి. పోనీ! దొంగ చేతిలో ఉండే కన్నా పోవడమే మేలు."

బొటనవేలు దిగుతోంది. ఆలోచించడానికి వ్యవధి లేదు. మైరమ్ పిల్ల మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో ఫోను లాక్కుని, మూలనున్న మైకు గుర్తు మీద వేలు నొక్కిపెట్టింది. మొగుణ్ణి ఇన్నేళ్ళలో ఆమె ఏ పేరుతోనూ పిలవలేదు. సొంతపేరుతో పిలిచే అలవాటు వాళ్ళలో లేదు. బిడ్డ పేరు చేర్చి 'ఫలానా నాన్నా' అని మిగతా ఆడవాళ్ళంతా పిలుచుకునే పిలుపు, బిడ్డని ఇచ్చేసింది కాబట్టి, అత్తగారు బతికుండగా ఆమె నోటికి నిషేధం. "ఏమండీ", "ఇదిగో", "మిమ్మల్నే" అంటూ కాలం గడిపేసింది. అయినా మాట వచ్చింది, గట్టిగానే వచ్చింది.

"పెరిజాత్ నాన్నా! అమ్మాయి మిమ్మల్ని చెరిపేస్తోంది. మాట్లాడండి."

పెరిజాత్ చెయ్యి మైరమ్ పట్టులోంచి విడిపించుకోవడం మానేసింది.

"ఎవర్ని పిలిచావు నువ్వు?"

తెర మీద, ఎర్ర శాలువా బొమ్మ పక్కన, ఎనిమిది నెలలుగా ఒక్కసారీ వెలగని మైకు గుర్తు వెలిగింది. ముందు బస్సు ఇంజను గురగుర వినిపించింది. అది ఆగింది. తర్వాత ఒక మగగొంతు సవరించుకుంది.